పికప్ పోయిన డీజిల్ బండికి ఏడొందల ఓబీడీ స్కానర్ ఎంతవరకు పనికొస్తుంది?

క్లచ్ మార్పించో, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) కడిగించో, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపేది) విప్పించో షెడ్డు నుంచి తెచ్చుకున్న డీజిల్ బండి మర్నాటికే లాగడం మానేస్తే యజమాని వినే మొదటి మాట "టర్బో పోయింది సార్". రెండో మాట "నాజిళ్లు చూడాలి". రెండూ వేలల్లో తేలే ఖర్చులే. పనికి ముందు బాగా లాగిన బండి పనయ్యాక లాగడం లేదంటే, ముందు అనుమానించాల్సింది ఆ పనిలో చెయ్యి పడ్డ చోటునే. బిగించని క్లాంపు, పెట్టడం మర్చిపోయిన కప్లర్, అటుది ఇటు మారిన వాక్యూమ్ పైపు, ఇలాంటివే ఎక్కువ. లోపం ఎటువైపుందో చెప్పగలిగే పరికరం కాస్త అటూ ఇటూగా ఏడొందలకు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. బండి ఓబీడీ సాకెట్‌కు, అంటే ఇంజన్ కంప్యూటర్‌తో మాట్లాడే చోటుకు తగిలించే, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ అది. కొన్నవాళ్లలో చాలామంది కోడ్ (ఇంజన్ కంప్యూటర్ దాచుకునే లోపం నంబరు) చదువుతారు, కొట్టేస్తారు, అంటే చెరిపేస్తారు, మళ్లీ లైటు వెలగగానే "దండగ వస్తువు" అని డాష్‌బోర్డు అరలో పడేస్తారు. నిజానికి కోడ్ చదవడం దీని పనిలో చిన్న భాగం. బండి నడుస్తుండగా ఇంజన్ చెప్పే అంకెలు చూడటానికి వాడితేనే దీనికి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది మన రోడ్ల మీద విరివిగా కనిపించే 1.3 లీటర్ల డీజిల్, 1248 సీసీ. స్విఫ్ట్, డిజైర్‌లలో 75 హార్స్‌పవర్ రకం, ఎర్టిగా, సియాజ్‌లలో వీజీటీ (రెక్కల కోణం మారే) టర్బోతో 90 హార్స్‌పవర్ రకం వచ్చాయి. ఫియట్ పుంటో, లీనియా, టాటా విస్టా, మాంజాలలో ఉన్నదీ ఈ ఇంజనే. మారుతీ 2020 ఏప్రిల్‌తో డీజిల్ ఆపేసింది కానీ బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. వేరే డీజిల్ ఉన్నవాళ్లు సీసీ మార్చి లెక్క వేసుకుంటే పద్ధతి ఇదే.

కొనేముందు

ఈఎల్ఎం327 అనేది కెనడాకు చెందిన ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్. ఆ సంస్థ 2022లో మూతపడింది. మొదటి వెర్షన్‌లో కాపీ కాకుండా రక్షణ పెట్టకపోవడంతో నకళ్లు పుట్టుకొచ్చాయి, ఇప్పుడు చవగ్గా దొరికేవన్నీ ఆ సంతానమే. పెట్టె మీద "వెర్షన్ 1.5" అని ఉంటే మంచిది, "2.1" అని ఉంటే చెడ్డది అన్న ప్రచారం ఉంది. అసలు సంస్థ 1.5 అనే వెర్షన్‌ను ఎప్పుడూ విడుదల చేయలేదు. ఆ అంకె నకలు తయారీదార్లు పెట్టుకున్నదే. కాకపోతే 2.1 అని చెప్పుకునే వాటిలో చాలావాటికి కొన్ని ఆదేశాలు అర్థం కావు, పాత కే-లైన్ (ఒకే వైరు మీద సమాచారం పంపే పాత పద్ధతి) బండ్లతో మాట్లాడలేవు అన్నది మాత్రం నిజం. కాబట్టి పెట్టె మీది అంకెను నమ్మకండి. వెనక్కి తీసుకునే వెసులుబాటు ఉన్నచోట కొని, వచ్చిన రోజే బండికి తగిలించి చూడండి. ఇంజన్ ఆర్పీఎం, కూలంట్ వేడి, మ్యాప్ (గాలి ఒత్తిడి), మ్యాఫ్ (గాలి బరువు), స్పీడు ఈ ఐదూ పది నిమిషాలపాటు ఆగకుండా వస్తే అది పనికొచ్చే ముక్క. మధ్యలో కనెక్షన్ తెగి మళ్లీ కలుస్తుంటే తిప్పి పంపేయండి. అలాంటిదాంతో రోడ్డు మీద పరీక్ష చేయలేం.

ఫోన్ సంగతీ చూసుకోవాలి. మామూలు బ్లూటూత్ అడాప్టర్ ఆండ్రాయిడ్‌కు సరిపోతుంది, జత చేసేటప్పుడు అడిగే పిన్ 1234 లేదా 0000. ఐఫోన్‌కు అది కుదరదు, బీఎల్ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) రకమో వైఫై రకమో కావాలి. వైఫై రకం అయితే యాప్ సెట్టింగుల్లో సాధారణంగా 192.168.0.10, పోర్టు 35000 ఇవ్వాలి. యాప్‌లలో ఆండ్రాయిడ్‌కు టార్క్, రెండింటికీ కార్ స్కానర్ బాగా వాడుకలో ఉన్నాయి. ఈ పనికి కార్ స్కానర్ మేలు. బండి కంపెనీని బట్టి ప్రొఫైల్ ఎంచుకుంటే అన్ని బండ్లకూ ఉమ్మడిగా ఉండే మామూలు పట్టికలో లేని అంకెలు కూడా కొన్నిటికి చూపిస్తుంది, లాగ్ (అంకెల రికార్డు) దాస్తుంది, గ్రాఫ్ గీస్తుంది.

మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు బండ్లలో కొన్నిటికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉన్నా ఈ అడాప్టర్‌కు జవాబు చెప్పవు. సాకెట్‌లో 16వ పిన్ బ్యాటరీ కరెంటు, 4, 5 ఎర్తులు, 6, 14 క్యాన్ (ఇప్పటి బండ్లు సమాచారం పంపే) లైన్లు, 7 కే-లైన్. అడాప్టర్ దీపం కూడా వెలగకపోతే బండిని అనుమానించే ముందు ఫ్యూజు చూడండి. చాలా బండ్లలో ఈ సాకెట్‌కు వచ్చే ఫ్యూజు మీదనే సిగరెట్ లైటరో, లోపలి దీపమో కూడా ఉంటుంది.

కోడ్ కొట్టేయకండి

షెడ్డు నుంచి వచ్చిన బండిలో కనిపించే కోడ్‌లు రెండు రకాలు. పని చేస్తుండగా కప్లర్ తీసి ఉంచి తాళం తిప్పినందుకు పడ్డవి ఒక రకం. నిజంగా ఇప్పుడున్న లోపం వల్ల పడ్డవి రెండో రకం. తేడా తెలియాలంటే ముందు అన్నీ రాసుకోవాలి. నిల్వ ఉన్న కోడ్‌లు, పెండింగ్ (ఇంకా ఖాయం కాని) కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్ మూడూ స్క్రీన్‌షాట్ తీయండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే కోడ్ పడ్డ క్షణంలో ఆర్పీఎం ఎంత, లోడ్ ఎంత, స్పీడ్ ఎంత అని ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, దాచుకున్న చిత్రం. పీ0299, అంటే టర్బో గాలి తక్కువైంది అనే కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో 2400 ఆర్పీఎం, లోడ్ 95 శాతం అని ఉంటే రోడ్డు మీద ఎత్తు ఎక్కుతుంటేనో ఓవర్‌టేక్ చేస్తుంటేనో పడిందన్నమాట. అదే స్పీడు సున్నా, ఆర్పీఎం సున్నా అని ఉన్న కోడ్ షెడ్డులోనే పడింది. కోడ్ కొట్టేస్తే ఈ చిత్రం కూడా పోతుంది, తిరిగి రాదు. చాలా షెడ్లలో స్కానర్ పెట్టగానే చేసే మొదటి పని కోడ్ కొట్టేయడమే. ఆధారం అక్కడే చెరిగిపోతోంది, ఇది చాలా బాధగా ఉంటుంది.

రాసుకున్నాక ఒకసారి కొట్టేసి, బండి పది కిలోమీటర్లు నడిపి మళ్లీ చదవండి. వెంటనే, తాళం తిప్పగానే వచ్చేది వైరు, కప్లర్ సంబంధం. లాగితే గానీ రానిది గాలి, ఇంధనం సంబంధం. మొదటి రకాన్ని పట్టుకోవడానికి సులువైన గుర్తు ఒకటుంది. లైవ్ అంకెల్లో గాలి వేడి గానీ కూలంట్ వేడి గానీ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే ఆ సెన్సార్ కప్లర్ ఊడి ఉంది, లేదా వైరు తెగింది. విజయవాడ మే నెలలో మైనస్ 40 వేడి ఎక్కడి నుంచి వస్తుంది? దానితో పాటు పీ0113గానీ పీ0118గానీ పడి ఉంటాయి.

పీ తర్వాత 1తో మొదలయ్యే కోడ్‌లు కంపెనీ సొంతవి. వాటికి యాప్ చూపించే అర్థాన్ని అలాగే నమ్మకండి. ఒక కంపెనీ పట్టికలోని అర్థం మరో కంపెనీ బండికి అతికించేస్తుంది, అది చదివి పార్టు కొనేసేవాళ్లున్నారు. అక్కడ బండి ప్రొఫైల్ సరిగ్గా ఎంచుకున్నారా అని చూడటం మొదటి పని.

బ్రేకు స్విచ్ కోడ్ పీ0504ను చాలామంది పట్టించుకోరు. పికప్‌కూ బ్రేకుకూ సంబంధం ఏమిటనుకుంటారు. చాలా డీజిళ్లలో బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కి ఉన్నాయని ఈసీయూకు అనిపిస్తే ఇంధనం తగ్గించేస్తుంది. పెడల్ దగ్గర పనిచేసినప్పుడు స్విచ్ జరిగితే ఇలా అవుతుంది. బ్రేకు మీద కాలు లేకుండానే వెనక స్టాప్ లైటు వెలుగుతోందేమో వెనక్కి వెళ్లి చూడండి, స్కానర్ కూడా అక్కర్లేదు.

చూడాల్సిన నాలుగు అంకెలు

చవక అడాప్టర్ వేగం తక్కువ. పది అంకెలు పెట్టుకుంటే ఒక్కొక్కటి రెండు మూడు సెకన్లకు ఒకసారి మారుతుంది, టర్బో గాలి ఎక్కి దిగిపోయినా కనిపించదు. అందుకే ఒక విడతకు నాలుగే పెట్టుకోండి: ఆర్పీఎం, స్పీడు, మ్యాప్, మ్యాఫ్. ఇంధనం కోసం రైల్ ప్రెజర్‌ను (నాజిళ్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడిని) తర్వాతి విడతలో మ్యాఫ్ స్థానంలో పెట్టండి.

మ్యాప్ అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) గాలి ఒత్తిడి, కిలోపాస్కల్‌లలో. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి చూస్తే అది బయటి గాలి ఒత్తిడే చూపించాలి. విశాఖలో 100, 101 ఉండాలి. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు కాబట్టి అక్కడ 95 దగ్గర ఉండాలి. హైదరాబాద్‌లో 95 చూసి సెన్సార్ పోయిందనుకోవద్దు, విశాఖలో 85 చూపిస్తే మాత్రం మసి పట్టిన సెన్సారో తేడా కప్లరో అయి ఉండాలి. ఈజీఆర్ కడిగినప్పుడు మ్యాప్ సెన్సార్ తీస్తారు, దాని మెడకున్న చిన్న ఓ-రింగ్ జారిపోయి నేల మీద పడిపోతుంటుంది. అది లేకుండా బిగిస్తే గాలి అక్కడి నుంచే బుస్సుమంటుంది.

మామూలు పట్టికలో మ్యాప్‌కు ఒక్క బైటు మాత్రమే ఉంది కాబట్టి 255 దాటి చూపించలేదు. పెద్ద డీజిళ్లలో గ్రాఫ్ 255 దగ్గర చదునుగా ఆగిపోతే ఇంజన్ లోపం అనుకోకండి. మన 1.3కు ఆ ఇబ్బంది రాదు.

మ్యాఫ్ అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలి బరువు, సెకనుకు ఇన్ని గ్రాములు అని. దీన్ని లెక్క వేసి సరిచూడవచ్చు, ఈ లెక్క తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి 1.248 లీటర్ల గాలి మింగుతుంది. 3000 ఆర్పీఎం దగ్గర సెకనుకు 50 చుట్లు, అంటే 31.2 లీటర్లు. మ్యాప్ 210, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) తర్వాత గాలి వేడి 50 డిగ్రీలు అనుకుంటే ఆ గాలి లీటరు సుమారు 2.27 గ్రాములు. గుణిస్తే 71, సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 85 శాతం తీసుకుంటే 60. అంటే పూర్తి తొక్కుడులో 3000 దగ్గర మ్యాఫ్ 60 అటూ ఇటూగా ఉండాలి. ఐడిల్‌లో, 850 ఆర్పీఎం దగ్గర, ఈజీఆర్ మూసి ఉంటే 8 గ్రాముల చుట్టూ, తెరుచుకుంటే దాదాపు సగం.

పరీక్ష ఇలా. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, కూలంట్ 80 దాటాలి. ఖాళీ రోడ్డు, వీలైతే కొంచెం ఎత్తు ఎక్కే రోడ్డు. ఫోను పక్క సీటులో ఉన్న మనిషి చేతిలో ఉండాలి, నడిపేవాళ్లు రోడ్డు మీదే చూపు పెట్టాలి. మూడో గేరులో 1500 దగ్గర స్థిరపడి, లాగ్ మొదలుపెట్టి, యాక్సిలరేటర్ నిండా తొక్కి 3500 వరకు లాగనివ్వండి. ఇలా మూడుసార్లు. ఇంటికొచ్చి గ్రాఫ్ చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఈ ఇంజన్‌లో 2000 దాటేసరికి మ్యాప్ 200 చుట్టూ చేరుకోవాలి.

మ్యాప్ 130, 140 దగ్గరే ఆగిపోయి, మ్యాఫ్ మాత్రం ఆ మ్యాప్‌కు రావాల్సిన దానికంటే ఎక్కువగా ఉంటే, గాలి మ్యాఫ్ సెన్సార్ దాటి వెళ్లి మానిఫోల్డ్‌కు చేరకముందే దారిలో బయటికి పోతోంది. లెక్క ప్రకారం 3000 దగ్గర మ్యాప్ 130 అయితే మ్యాఫ్ 37 ఉండాలి. మీ లాగ్‌లో 50 ఉందంటే ఆ 13 గ్రాములు ఎక్కడో చిల్లులోంచి పోతున్నట్టే. రిపేరు తర్వాత పికప్ పోయిన బండ్లలో ఎక్కువ కనిపించేది ఇదే. దీనికి టర్బో మార్చడమంటే చిల్లు పడ్డ బకెట్టుకు కొత్త నల్లా బిగించడమే.

మ్యాప్ తక్కువ, మ్యాఫ్ కూడా దానికి తగ్గట్టే తక్కువ అయితే టర్బో గాలి తయారు చేయడం లేదు. వీజీటీ రకంలో వాక్యూమ్ పైపు ఊడిందా, సోలనాయిడ్‌కు (కరెంటుతో పనిచేసే వాల్వుకు) వెళ్లే రెండు పైపులు తారుమారయ్యాయా చూడండి. ఐడిల్‌లో ఇంజన్ స్టార్ట్ చేయగానే టర్బో రెక్కలను తిప్పే యాక్చుయేటర్ కడ్డీ కదలాలి, ఆపగానే వదలాలి. కదలకపోతే పైపు తీసి వేలితో మూసి చూడండి, చూపుడు వేలిని పీల్చాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గుడ్డపీలిక మిగిలిపోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. టర్బో విప్పినప్పుడు దుమ్ము పడకుండా పైపు నోట్లో గుడ్డ కుక్కుతారు, బిగించేటప్పుడు తీయడం మరిచిపోతారు. సైలెన్సర్ వైపు అడ్డు ఉన్నా ఇలాగే కనిపిస్తుంది.

మ్యాప్ బాగుంది, మ్యాఫ్ మాత్రం తక్కువ అంటే మ్యాఫ్ సెన్సార్‌కు మురికి పట్టి ఉండాలి, లేదా మ్యాఫ్‌కూ టర్బోకూ మధ్య పైపులో సందు ఉండి కొలత పడని గాలి లోపలికి వస్తుండాలి. టైమింగ్ చైన్ పని జరిగిన బండి అయితే ఒక పన్ను తేడా కూడా ఇలా చూపిస్తుంది. దాంతోపాటు పీ0016 పడితే ఇక మ్యాఫ్ కడగడం మాని చైన్ మార్కులు సరిచూడమని అడగండి, ఇంకా నడపొద్దు.

మ్యాప్, మ్యాఫ్ రెండూ బాగున్నాయి, బండి మాత్రం లాగడం లేదు. అప్పుడు ఆర్పీఎంనూ స్పీడునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గేరులో ఈ రెండిటి నిష్పత్తి మారడానికి వీల్లేదు. నాలుగో గేరులో 60 స్పీడుకు 2000 ఆర్పీఎం ఉన్న బండికి 75కు 2500 ఉండాలి. తొక్కగానే ఆర్పీఎం 2600 ఎక్కి స్పీడు 62 దగ్గరే ఉంటే క్లచ్ జారుతోంది. కొత్తగా వేసిన ప్లేటుకు గ్రీజు అంటిందో, పెడల్ ఆట సరిగ్గా వదల్లేదో. క్లచ్ పని చేయించిన బండికి ముందు ఈ నిష్పత్తే చూడండి. ఇంజన్‌కు సంబంధం లేని లోపానికి ఇంజన్ విప్పించుకున్నవాళ్లు తక్కువ కాదు.

గాలి పైపు దగ్గర కూర్చుని

లీకు ఉందని లాగ్ చెప్పింది సరే, ఎక్కడుందో స్కానర్ చెప్పలేదు. అది కంటితో, చేత్తో వెతకాల్సిందే. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే రబ్బరు పైపుల్లో ఎప్పుడూ సన్నటి నూనె తడి ఉంటుంది. ఆ నూనే మనకు సాక్షి. ఇంజన్ చల్లారాక బంపరు కింద నుంచి టార్చి వేసి క్లాంపు అంచు చుట్టూ చూడండి. దుమ్ము పట్టిన పైపు మీద ఒక్కచోట మాత్రం నల్లగా, తడిగా, దువ్వెనతో గీసినట్టు చారలు గాలి పోయే దిక్కుకు సాగి ఉంటే గాలి అక్కడి నుంచే చిమ్ముతోంది. క్లాంపును వేలితో తడిమి చూస్తే ఒక వైపు పైపు గట్టు మీద కూర్చుని, మరోవైపు గట్టు దాటకుండా అంచు మీదే నిలిచి ఉంటుంది. ఐడిల్‌లో అది లీకవదు, షెడ్డులో రేస్ చేసినా పెద్దగా తెలియదు. లోడ్ మీద గాలి ఒత్తిడి పెరిగినప్పుడే పైపు ఉబ్బి పెదవి తెరుస్తుంది. అందుకే "ఇక్కడ బాగానే ఉంది సార్" అని బండి మీకు అప్పజెప్తారు.

కంటికి దొరక్కపోతే గాలి పెట్టి చూడాలి. టర్బో గాలి వదిలే వైపు రబ్బరు పైపు ఊడదీసి, దాని నోటికి సరిపోయే పీవీసీ మూతకు నడుమ రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి. ఆ మూతను పైపు నోట్లో పెట్టి క్లాంపు వేసి, టైరుకు గాలి కొట్టే పంపుతో 10 పీఎస్‌ఐ వరకు ఎక్కించండి, అంతకు మించొద్దు. తెరిచి ఉన్న వాల్వుల గుండా కొంత గాలి ఎలాగూ పోతుంది, కాబట్టి ముల్లు నిలబడలేదని కంగారు పడకండి. పైపుల మీద సబ్బు నీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు గుంపుగా లేస్తాయి. ఇంటర్‌కూలర్ కింది మూలలు, పైపు మడతల కడుపు భాగం, ఈజీఆర్ గ్యాస్కెట్ ఈ మూడూ తప్పక తడపండి. పైపు మడత లోపలి చీలిక బయటికి కనిపించదు, రెండు చేతులతో పట్టి మెలిపెడితే నోరు తెరుస్తుంది.

క్లచ్ పనిలో గేర్‌బాక్సు దించుతారు, దానికుండే ఎర్తు వైరు తీస్తారు. అది తిరిగి బిగించకపోయినా, తుప్పు మీదే బిగించినా వింత వింత కోడ్‌లు, సంబంధం లేనివి నాలుగైదు ఒకేసారి పడతాయి. అలాంటప్పుడు ఒక్కో కోడ్ వెంట పరుగెత్తకుండా మల్టీమీటర్ తీసుకోండి. ఇంజన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఫ్యాను ఆన్‌లో ఉండగా, బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. అర వోల్టు చూపిస్తే ఎర్తు వైరు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించడమే వైద్యం.

ఇంధనం వైపు

రైల్ ప్రెజర్‌ను కొన్ని యాప్‌లు కిలోపాస్కల్‌లో చూపిస్తాయి, చివరి రెండు సున్నాలు తీసేస్తే బార్. 30000 అంటే 300 బార్. వేడి ఇంజన్ ఐడిల్‌లో సుమారు 250 నుంచి 300 బార్ మధ్య నిలకడగా ఉండాలి. పూర్తి తొక్కుడులో వెయ్యి దాటి ఎక్కాలి. ఎక్కడం మొదలుపెట్టి మధ్యలో కుంగిపోతే, దాంతో పీ0087 పడితే, ఇంధనం అందడం లేదు.

ఫిల్టర్ మార్చిన మర్నాడే ఇది మొదలైతే పంపును నిందించకండి. ఫిల్టర్ కప్పు ఓ-రింగు, నీళ్లు వదిలే మర, క్లిక్ అనకుండా నిలిచిపోయిన పైపు కప్లర్, ఈ మూడింట్లో ఒకచోట గాలి పీల్చుకుంటుంది. ఫిల్టర్ తర్వాత తక్కువ ఒత్తిడి పైపులో ఒక జానెడు పారదర్శక డీజిల్ పైపు తాత్కాలికంగా వేసి ఇంజన్ నడిపితే బుడగలు కనిపిస్తాయి. ఇక ఎక్కువ ఒత్తిడి వైపు, అంటే పంపు నుంచి నాజిళ్ల దాకా ఉండే ఉక్కు పైపుల జోలికి ఇంజన్ నడుస్తుండగా వెళ్లకండి. లీకు చూడటానికి వేలు అడ్డం పెట్టడం అసలే చేయొద్దు. వెయ్యి బార్ల డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం.

నాజిళ్లు అనుమానమైతే రిటర్న్ పరీక్ష అడగండి. నాలుగు నాజిళ్ల రిటర్న్ పైపులను నాలుగు ఒకే సైజు సీసాల్లోకి వదిలి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడిపితే, ఒకటి మిగతావాటికి రెండు మూడింతలు నిండితే ఆ నాజిల్ కారుతోంది. నాలుగూ సమానంగా ఉంటే నాజిళ్ల సెట్టు మొత్తం మార్చమన్న మాటకు ఆధారం అడగాలి.

ఈ ఏడొందల వస్తువు చేయలేనివి

చాలా డీజిళ్లలో నాజిల్ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు చెక్కి ఉంటుంది. నాజిల్ మార్చినా, ఒక సిలిండర్‌ది మరోదానికి వేసినా ఆ గుర్తును ఈసీయూలో సరైన సిలిండర్‌కు ఎక్కించాలి. ఈ అడాప్టర్‌తో అది కుదరదు. ఈజీఆర్ కొత్తది వేశాక చేసే లెర్నింగ్, బీఎస్6 బండ్లలో డీపీఎఫ్ రీజనరేషన్ (పొగ ఫిల్టర్‌లోని మసిని కాల్చేయడం), టర్బో సోలనాయిడ్‌ను ఆన్ ఆఫ్ చేసి చూడటం, ఇవన్నీ కంపెనీ స్కానర్‌తో గానీ షెడ్లలో ఉండే లాంచ్, ఆటెల్ లాంటి పెద్ద స్కానర్లతో గానీ చేయాల్సినవే. ఇంకో పెద్ద లోటు, ఈసీయూ ఎంత మ్యాప్ కావాలని కోరుకుంటోందో చాలా బండ్లలో మామూలు పట్టిక చెప్పదు, వచ్చింది మాత్రమే చెబుతుంది. కోరింది, వచ్చింది పక్కపక్కన చూడాలంటే పెద్ద స్కానర్ కావాలి. అక్కడికి వెళ్లేటప్పుడు మీ లాగ్ పట్టుకెళ్లండి, మూడో గేరులో పూర్తి తొక్కుడులో కోరిన మ్యాప్, వచ్చిన మ్యాప్ గ్రాఫ్ కావాలని నోరు తెరిచి అడగండి. "స్కాన్ చేశాం, ఒక ఎర్రర్ ఉంది, కొట్టేశాం" అన్నదానికి డబ్బు ఇవ్వకండి.

అడాప్టర్‌ను సాకెట్‌లోనే వదిలేసే అలవాటు మంచిది కాదు. ఇలాంటివి బండి ఆపినా 40, 50 మిల్లీయాంపియర్లు లాగుతుంటాయి. రోజుకు సుమారు ఒక యాంపియర్-అవర్. ఊరెళ్లి రెండు మూడు వారాలకు వచ్చేసరికి 35 యాంపియర్-అవర్ బ్యాటరీ సెల్ఫ్ తిప్పలేని స్థితికి వస్తుంది, పాత బ్యాటరీ ఇంకా ముందే.

లోపం దొరికి సరిచేశాక కోడ్ కొట్టేసి, అదే రోడ్డు మీద, అదే గేరులో, అదే 1500 నుంచి 3500 వరకు మళ్లీ మూడుసార్లు లాగి లాగ్ తీసుకోండి. ముందు 135 దగ్గర ఆగిన మ్యాప్ ఇప్పుడు 200 దాటి, మ్యాఫ్ లెక్కకు తగ్గట్టు ఎక్కితే రెండు గ్రాఫులూ ఫోన్‌లో దాచుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ పికప్ తగ్గినట్టు అనిపిస్తే పోల్చి చూసుకోవడానికి మీ బండిదే కొలత మీ దగ్గర ఉంటుంది.